మామిడి పూత మీద జిగురు, ఆకుల మీద మసి: ఇప్పుడు మందు కొట్టాలా, ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఖమ్మంలో ఇంటి పెరట్లో 12 ఏళ్ల బంగినపల్లి, ఒక నిమ్మ, రెండు కొబ్బరి చెట్లు, ప్రహరీ పక్కన మందారాలు ఉన్నాయి. మామిడి పూత బాగానే వచ్చింది గానీ కింద పెట్టిన కారు మీద జిగురు చుక్కలు పడుతున్నాయి, ఆకులు నల్లబడుతున్నాయి, చెట్టు దగ్గరికి వెళ్తే చిన్న పురుగులు ముఖానికి కొట్టుకుంటున్నాయి. మందుల షాపులో మూడు సీసాలు ఇచ్చి, కలిపి రేపే కొట్టమన్నారు. కొట్టొచ్చా, ఉగాదిలోపు మిగతా చెట్లకు ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. అది తేనెమంచు పురుగు. విచ్చిన పూత మీద పురుగుమందు కొట్టకండి. రేపు పొద్దున చెట్టు చుట్టూ తిరిగి నాలుగు వైపులా పూగుత్తులు చూడండి. ఇంకా మొగ్గలే ఎక్కువుంటే రెండు రోజుల్లోపు, సాయంత్రం పూట, వేపనూనె ఒక్కసారి కొట్టండి. పూలు ఎక్కువగా విచ్చేసి ఉంటే పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా ఆగండి. మూడు సీసాలు కలిపి కొట్టడం మాత్రం ఏ దశలోనూ వద్దు.

ఆగమనడానికి కారణం ఉంది. మామిడి పూతలో పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేర్చేది ఎక్కువగా ఈగలే, వాటితో పాటు కొంత తేనెటీగలు. పూత నిండా విచ్చుకున్న రోజున మందు కొడితే తేనెమంచు పురుగుతో పాటు ఇవీ పోతాయి. పూత చూడ్డానికి శుభ్రంగా, నిండుగా ఉంటుంది, పిందె మాత్రం కట్టదు. "మందు కొట్టినా కాపు రాలేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో నేను మొదట అడిగేది ఏ మందు కొట్టారని కాదు, ఏ రోజు కొట్టారని. చాలామంది కొట్టింది పూత నిండుగా ఉన్న రోజునే.

ఇక పురుగు సంగతి. తేనెమంచు అన్న పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో పొగమంచు పట్టినప్పుడు పూత మాడితే "మంచు కొట్టేసింది" అనేస్తారు. నిజానికి ఆ జిగురు ఆకాశం నుంచి పడదు. గోధుమరంగులో, గోధుమగింజ కన్నా చిన్నగా, తల వెడల్పుగా తోక సన్నగా ఉండే ఈ పురుగులు పూకాడల్లోంచి, లేత చిగుళ్లలోంచి రసం పీల్చి, ఎక్కువైన తీపిని కింద చుక్కలుగా వదులుతాయి. మీ కారు మీద పడుతున్నది అదే. ఆ తీపి మీద బూజు పెరిగి ఆకు నల్లగా మసి పూసినట్టవుతుంది. మసి రోగం కాదు, జిగురు పడుతోందనడానికి గుర్తు. అందుకే మసి మీద శిలీంధ్రనాశిని కొడితే డబ్బు దండగ.

పొగమంచు, మబ్బు పట్టిన రోజుల్లో నష్టం పెరిగే మాట మాత్రం నిజమే. గాలిలో తేమ, చల్లటి రాత్రులు ఉంటే బూడిద తెగులు కూడా తోడవుతుంది. రెండింటికీ తేడా ఇలా పట్టుకోండి: పూకాడను వేళ్ల మధ్య పట్టి కిందికి దువ్వండి. వేళ్లకు జిగురు అంటితే తేనెమంచు. ముగ్గుపిండి లాంటి తెల్లపొడి అంటితే బూడిద తెగులు. రెండూ ఉండటం కూడా మామూలే.

పురుగు ఎంత ఉందో లెక్క కట్టాకే మందు ఆలోచన. ఎండెక్కకముందే, అవి ఇంకా మందకొడిగా ఉన్నప్పుడు, తెల్ల పాలిథీన్ కవరు ఒకటి పూగుత్తికి కింద నుంచి తొడిగి మూతి పట్టుకుని నాలుగుసార్లు దులపండి. పది గుత్తులకు ఇలా చేయండి. గుత్తికి సగటున ఐదు కన్నా తక్కువుంటే పెరటి చెట్టుకు రసాయనం అక్కర్లేదు, వేపనూనె చాలు. ఐదు దాటితే పిందె దశలో ఒక రసాయన మందు తప్పకపోవచ్చు. కొమ్మను కదిపితే వందల పురుగులు లేచి ఆకులకు తగిలి చిటపటమని చినుకులు పడ్డట్టు చప్పుడైతే లెక్కతో పనిలేదు, ఎక్కువే ఉన్నాయి.

వేపనూనె కలిపే పద్ధతి. పది మందిలో ఎనిమిది మంది ఇక్కడే పొరపాటు చేస్తారు. నూనెను నేరుగా నీళ్లలో పోసి, పైన షాంపూ వేసి కలుపుతారు. నూనె పైకి తేలుతుంది, మొదటి పంపులో వట్టి నీళ్లు, చివర్లో చిక్కటి నూనె వస్తాయి. ఆ చివరి నూనె పడిన చోట పూత మాడుతుంది. ఇలా చేయండి: 10 లీటర్ల పిచికారీకి 50 మి.లీ. వేపనూనె తీసుకోండి. రాత్రి నానబెట్టి పిసికి, గుడ్డలో వడకట్టిన చిక్కటి కుంకుడు రసం ఒక గ్లాసు ముందుగా నూనెలోనే పోసి పుల్లతో బాగా గిలక్కొట్టండి. అది మజ్జిగలా తెల్లగా మారాక గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ ఒక లీటరు చేయండి. అప్పుడు మిగతా తొమ్మిది లీటర్లలో పోయండి. పది నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తే పైన నూనెచుక్కలు తేలకూడదు. తేలితే కుంకుడు రసం చాల్లేదని అర్థం, ఇంకొంచెం కలపండి. షాపుల్లో అజాడిరక్టిన్ (వేపలోని మందు పదార్థం) 10,000 పిపిఎం పేరుతో దొరికేది కొంటే ఈ శ్రమ ఉండదు, లీటరుకు 3 మి.లీ. చాలు. కలిపింది ఆ పూటే వాడేయాలి, మర్నాటికి పనిచేయదు.

సాయంత్రం ఐదు దాటాక కొట్టమనడానికి రెండు కారణాలు. ఎండకు వేపలోని మందు గుణం త్వరగా పోతుంది, ఎండలో నూనె ఉన్న ఆకు మాడుతుంది. 15–20 అడుగుల చెట్టుకు 8 నుంచి 10 లీటర్లు పడుతుంది. చెట్టు పైకి చేరాలంటే పొడవాటి రాడ్డు ఉన్న స్ప్రేయర్ అద్దెకు తెచ్చుకోండి. కాండానికీ, పెద్ద కొమ్మల బెరడు పగుళ్లకూ కూడా తడవాలి. పూత లేని నెలల్లో తేనెమంచు పురుగులు దాక్కునేది ఆ పగుళ్లలోనే, పూతకాలంలో కూడా కొన్ని అక్కడే ఉంటాయి. పూత మాత్రమే తడిపి కాండం వదిలేస్తే వారంలో మళ్లీ అదే కథ.

పిందె బఠాణీ గింజంత అయ్యాక కూడా పురుగు గుత్తికి ఐదు దాటి ఉంటే, అప్పుడు ఒక్క మందు, ఒక్కసారి. పిల్లపురుగులు ఎక్కువుంటే బుప్రోఫెజిన్ 25 ఎస్.సి. లీటరుకు 1.5 మి.లీ. ఇది కుబుసం విడవనివ్వకుండా పిల్లపురుగుల్ని చంపుతుంది, రెక్కలొచ్చిన వాటిని చంపదు, కాబట్టి కొట్టిన మర్నాడే ఫలితం కనిపించదు. వారం ఓపిక పట్టాలి. రెక్కల పురుగులే ఎక్కువుంటే థయామెథాక్సామ్ 25 డబ్ల్యు.జి. 10 లీటర్లకు 3 గ్రాములు. మూడు గ్రాములు అంటే చాలా తక్కువ. చెంచాలతో వేయకండి, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా వాడండి. మోతాదు పెంచితే పురుగు ఎక్కువ చావదు, దాన్ని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు ముందు చస్తాయి. తర్వాత పిండినల్లి (తెల్ల దూదిలా కనిపించే, రసం పీల్చే పురుగు) విజృంభిస్తుంది. గత ఏడాది వాడిన మందే ఈ ఏడాదీ వాడకండి, పురుగు అలవాటు పడుతుంది.

బూడిద తెగులు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, సాయంత్రం, సన్నటి తుంపరగా. మూడు నిబంధనలు మరవొద్దు. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం వద్దు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు వద్దు. వేపనూనెతో కలపనే వద్దు. గంధకం, నూనె కలిస్తే ఆకు అంచుల నుంచి మాడుతుంది. షాపులో ఇచ్చిన మూడు సీసాల్లో ఈ జోడీ ఏమైనా ఉందేమో చూసుకోండి. ఇంకో మాట: ఇంటి చెట్టుకు సీసా మీద ఎర్ర త్రికోణం ఉన్న మందు తీసుకోకండి, అది అత్యంత విషపూరితమనే గుర్తు. పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా విషం తగ్గుతూ వస్తాయి. పాత సలహాల్లో తరచూ కనిపించే నువాన్, అంటే డైక్లోర్వాస్, 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధం. ఎవరైనా పాత సరుకు ఇచ్చినా తీసుకోవద్దు.

ఆకుల మీద ఉన్న మసికి పలచటి గంజి కొట్టండి. వడకట్టిన గంజిని నీళ్లలో బాగా పలచన చేసి, ఎండ ఉన్న పూట, పూత లేని కొమ్మల ఆకుల మీద పిచికారీ చేస్తే ఎండి పొరలా పొలుసులుగా లేచిపోతుంది, మసి దాంతో పాటే ఊడుతుంది. కొబ్బరికి కూడా ఇదే పద్ధతి. పూత మీద మాత్రం కొట్టకండి. విచ్చిన పూత మీద గట్టిగా నీళ్లు కొట్టడం కూడా వద్దు, పుప్పొడి కడుక్కుపోతుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. పూత విచ్చి ఉండగా నీళ్లు పెట్టొద్దు. మామిడి పూయాలంటే బెట్ట కావాలి. చలికాలంలో ఎక్కువ నీళ్లు పెడితే పూత రావాల్సిన కొమ్మ చిగురేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మొదటి తడి పలచగా ఇవ్వండి. ఇన్నాళ్లూ ఎండిన చెట్టుకు ఒక్కసారిగా పాదు నిండా పెడితే పిందె జలజలా రాలుతుంది. తర్వాత ఎర్ర నేలైతే వారం పది రోజులకు, నల్లరేగడైతే పదిహేను రోజులకు ఒక తడి. పాదు కాండం చుట్టూ కాదు, కొమ్మల చివర్లకు కింద, అంటే మీ చెట్టుకు కాండం నుంచి నాలుగు నుంచి ఆరు అడుగుల దూరంలో వలయంగా తీయండి. నీళ్లు తాగే వేళ్లు అక్కడే ఉంటాయి. ఎండుటాకులు మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి, కాండానికి అర అడుగు వదిలి. ఆనించి పరిస్తే చెదలు ఎక్కుతాయి.

పిందె కొంత రాలడం సహజం. ఒక్కో గుత్తిలో వందలు, వేలు పూలుంటాయి, నిలిచేవి ఒకటో రెండో. విపరీతంగా రాలుతుంటే ప్లానోఫిక్స్ 1 మి.లీ. 4.5 లీటర్ల నీటిలో కలిపి బఠాణీ దశలో ఒకసారి కొట్టొచ్చు. ఇది హార్మోను, కాబట్టి రెట్టింపు వేస్తే మేలు బదులు కీడు. గోళీకాయ సైజులో 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరుకు 10 గ్రాములు ఒకసారి కొడితే కాయ ఊరుతుంది. ఎరువు గుంటలు, పశువుల ఎరువు ఇప్పుడు వద్దు, కాయ కోత అయ్యాక జూన్, జూలైలో.

కత్తిరింపు విషయంలో చాలామంది పొరబడుతున్నారు, కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. వసంతం రాగానే కొమ్మలు కత్తిరించండి, చెట్టంతా నూనె కొట్టండి అనే వీడియోలు ఆపిల్, పీచ్ లాంటి చలికి ఆకు రాల్చే చెట్ల కోసం చేసినవి. అమెరికాలో ఉండే మనవాళ్ల పెరళ్లకు అవి సరిపోతాయి. మన మామిడి ఇప్పుడు పూత మీద ఉంది, దాని కత్తిరింపు కాలం కోత తర్వాతే. ఇప్పుడు తీయాల్సింది పూర్తిగా ఎండిన పుల్లలు, బదనిక (కొమ్మ మీదే మొలిచి దాని రసం తాగే మొక్క) మాత్రమే. బదనికను ఆకు వరకు కోస్తే మళ్లీ వస్తుంది. అది కొమ్మలోకి దిగిన చోటుకు ఒక అడుగు కింద కొమ్మతో సహా కోసేయాలి.

కోసిన చోట, కాండం మీద బంక కారే చోట బోర్డో పేస్టు రాయండి. మైలుతుత్తం 100 గ్రాములు అర లీటరు నీళ్లలో, పొడి సున్నం 100 గ్రాములు మరో అర లీటరులో విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, తర్వాత రెండూ కలపండి. ఇనుప, రేకు డబ్బాలు పనికిరావు. కలిపిన దాంట్లో కత్తి మొన ఒక నిమిషం ముంచి తీయండి. మొన మీద ఎర్రటి పూత కనిపిస్తే సున్నం చాల్లేదు, ఇంకాస్త వేయండి. అదే రోజు రాసేయాలి.

కాండం మీద గుండ్రటి రంధ్రం, కింద రంపపు పొట్టు కనిపిస్తే అది కాండం తొలిచే పురుగు. దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకండి, పెద్ద కొమ్మను లోపల్లోపలే తినేస్తుంది. సైకిల్ చువ్వ కొన వంచి రంధ్రంలోకి పోనిచ్చి, అది తిరిగిన దారంతా తిప్పండి. చువ్వకు తెల్లటి చిక్కటి ద్రవం అంటితే పురుగు చచ్చినట్టే. అంటకపోతే పెట్రోలులో తడిపిన దూది లోపలికి దోపి, బంకమట్టితో మూసేయండి. రెండు వారాల తర్వాత కొత్త పొట్టు రాలుతోందేమో చూడండి.

నిమ్మకు వద్దాం. చిగుళ్లు ముడుచుకుని, ఆకు మీద వెండి గీతలు పాము పాకినట్టు మెలికలు తిరిగి ఉంటే ఆకు తొలిచే పురుగు. అది ముదురాకును ముట్టదు, లేత చిగురునే పట్టుకుంటుంది. కాపు మీదున్న పెద్ద చెట్టుకు నష్టం పైకి కనిపించేంత ఉండదు. ముడుచుకున్న ఆకులన్నీ తెంపేయకండి, సగం ఆకు ఇంకా చెట్టుకు అన్నం వండుతూనే ఉంటుంది. కొత్త చిగురు గోరంత ఉన్నప్పుడు వేపనూనె ఒకసారి, పది రోజులకు మళ్లీ ఒకసారి. ఆకు ముడిచాక కొట్టినా లోపలి పురుగుకు తగలదు. ఆకుల మీద, కాయల మీద గోధుమరంగు గరుకు మచ్చలుంటే గజ్జి తెగులు. ఆ కొమ్మలు కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కొట్టండి. ఆకు అంచులు తినేసినట్టుంటే పిట్టరెట్ట లాంటి మచ్చల పురుగు కోసం వెతకండి. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు చాపి ఘాటు వాసన వదులుతుంది. అది సీతాకోకచిలుక పిల్ల. చేత్తో ఏరేస్తే చాలు, మందు వద్దు. పక్కన కరివేపాకు ఉంటే దాని మీద కూడా చూడండి.

మందారం మీద దూది అంటించినట్టుండే పిండినల్లిని పాత టూత్‌బ్రష్, సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, బాగా పట్టిన కొమ్మ చివర్లు కోసి సంచిలో కట్టి పారేయండి. దానికన్నా ముఖ్యం చీమలు. చీమలు ఆ తీపి కోసం పిండినల్లిని కాపలా కాస్తాయి, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోస్తాయి. మామిడి కాండానికి రెండు అడుగుల ఎత్తులో, అడుగు వెడల్పు పాలిథీన్ పట్టీ చుట్టి, రెండు అంచులూ తాడుతో బిగించి, బెరడు సందుల్ని మట్టితో పూడ్చి, పట్టీ మీద గ్రీజు రాస్తే చీమలూ, నేలలోంచి పాకే పిండినల్లి పిల్లలూ పైకి ఎక్కలేవు. గ్రీజు బెరడుకు నేరుగా రాయకండి. గోడకు, తీగకు తగిలే కొమ్మ ఒక్కటి ఉన్నా చీమలు ఆ దారిన వస్తాయి, ముందు దాన్ని విడదీయండి.

కొబ్బరి ఆకుల అడుగున తెల్లటి వలయాలు కనిపిస్తే సర్పిలాకార తెల్లదోమ. 2016లో మన దేశంలో తొలిసారి కనిపించి కోస్తా కొబ్బరి తోటలన్నీ చుట్టేసింది. దీనికి రసాయన మందు కొట్టొద్దు. ఎన్కార్సియా అనే కంటికి కనిపించనంత చిన్న పరాన్నజీవి దాని పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతుంది. మందు కొడితే ముందు చచ్చేది అదే. ఒక ఆకు కోసి భూతద్దంతో చూడండి: తెల్ల పిల్లల మధ్య నల్లబడినవి కనిపిస్తే ఎన్కార్సియా పనిలో ఉన్నట్టు. అలాంటి ఆకులు కాల్చకండి. అందిన ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టడం, మరీ ఎక్కువుంటే పైన చెప్పిన వేపనూనె, అంతే.

కొబ్బరి మొవ్వులో ఆకులు విసనకర్రలా కత్తిరించినట్టు విచ్చుకుంటే కొమ్ము పురుగు. మొవ్వు కింది రెండు మూడు మట్టల మొదళ్లలో వేపగింజల పొడి ఒక వంతు, ఇసుక రెండు వంతులు కలిపి నింపండి. దీని పిల్లలు పెరిగేది పశువుల ఎరువు కుప్పలో, కుళ్లిన ఆకుల గుంటలో. మీ పెరట్లో ఎరువు కుప్ప ఉంటే నెలకోసారి పారతో తిరగేసి, తెల్లగా లావుగా వంకర తిరిగి కనిపించే పిల్లపురుగుల్ని ఏరి కోళ్లకు వేయండి. కుప్పను వదిలేసి చెట్టుకు ఎంత చేసినా పురుగు వస్తూనే ఉంటుంది.

మిగిలింది పండు ఈగ. కాయ గుడ్డంత అయ్యాక, మార్చి చివరలో, మిథైల్ యూజినాల్ ఎర బుట్ట ఒకటి నీడలో మనిషి ఎత్తున కట్టండి. దానికి మగ ఈగలే వస్తాయి, కాబట్టి ఎరను నమ్ముకుని ఊరుకోకూడదు. చేతికందే కాయలకు కాగితపు సంచులు తొడగండి. రాలిన కాయను ఆ రోజే ఏరి, నల్ల కవరులో గట్టిగా మూతికట్టి ఎండలో పడేయండి, లేదా రెండు అడుగుల లోతున పూడ్చండి. చెట్టు కిందే వదిలేస్తే అందులోని పురుగులు మట్టిలోకి దిగి ఈగలై మళ్లీ పైకి లేస్తాయి.

పిచికారీ రోజున నీళ్ల తొట్టె, బావి కప్పండి, డాబా మీద బట్టలు తీసేయండి, కుక్కను కట్టేయండి. చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ, గాలికి ఎదురు నిలబడొద్దు. పూగుత్తి దగ్గరి నుంచి తీసిన ఫోటో, కాండం ఫోటో పెట్టండి. పూత ఏ దశలో ఉందో చూసి, మీ చెట్టుకు ఆగాలో కొట్టాలో చెబుతాను.